రెట్టింపు ఇండెంటు

సర్క్యులర్ సోమవారం పొద్దున్న పదిన్నరకి వచ్చింది. ఆ వేళకి భూలక్ష్మి బ్యూరెట్లు కడుగుతోంది. బ్యూరెట్టంటే మరేం కాదు, మీద గీతలూ కింద చిన్న కుళాయీ ఉన్న పొడుగాటి గాజు గొట్టం. స్టోర్ కీపరు వాటిని కడగాలని ఏ రూల్లోనూ లేదు, అది అటెండరు పని. కానీ అటెండరు వీరబాబు కడిగితే గొట్టం లోపల నీటిచుక్కలు పూసల్లా అంటుకుపోతాయి. భూలక్ష్మి కడిగితే ఒక్క చుక్క నిలవదు. ఇరవై ఒక్క ఏళ్ళుగా అమలాపురం పీజీ సెంటర్లో కెమిస్ట్రీ స్టోరు ఆవిడ చేతిలోనే ఉంది. ప్రిన్సిపాళ్ళు తొమ్మిదిమంది మారేరు గాని ఆ తాళాలు మారలేదు.

"మేడమ్ గారండీ, మెయిన్ కేంపస్ నుంచి కాగితం వచ్చిందండీ," అంటూ వీరబాబు దాన్ని తడి తగలకుండా బల్ల చివర పెట్టేడు.

చేతులు తుడుచుకుని చదివింది. ఇకమీదట అమలాపురం, రాజోలు, కొత్తపేట సెంటర్ల ల్యాబు సామాన్లు మూడు చోట్లా వేరువేరుగా కాకుండా ఉమ్మడిగా కొంటారట. బాగానే ఉంది, ఒకేసారి ఎక్కువ కొంటే చవకే కదా అనుకుంది. మూడు స్టోర్లకీ కలిపి ఒక్కరే స్టోర్ కీపరు ఉంటారట. రాజోలు ఆయన మార్చిలో రిటైరైపోయేడు, ఆ పోస్టు నింపరు. మిగిలిన ఇద్దర్లో ఎవరుండాలో ఉమ్మడి ఇండెంటు, అంటే కావలసిన సామాన్ల పట్టీ చూసి స్పెషల్ ఆఫీసరు శ్రీరామచంద్రమూర్తి గారు శుక్రవారం నాటికి తేలుస్తారు. ఇంతవరకూ చదివినా భూలక్ష్మికి ఏ బెంగా కలగలేదు. తనని కాదని ఎవర్ని ఉంచుతారు?

చివరి పేరా దగ్గర కళ్ళు ఆగిపోయేయి. మూడు సెంటర్ల ఇండెంట్లనూ కంప్యూటర్లో కలిపి ఎక్కించే బాధ్యత కొత్తపేట స్టోర్ కీపరు శ్రీమతి నాగదుర్గకి అప్పగించడమైనది.

నాగదుర్గ. నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల. ఏడేళ్ళ కిందట ఈ గదిలోనే, ఈ బల్ల పక్కనే, నెలరోజులు తన దగ్గర పని నేర్చుకుంది. సీసా వంపేటప్పుడు లేబులు అరచేతి వైపు ఉండాలనీ, లేకపోతే కారిన మందు పేరుని తినేస్తుందనీ చెప్పింది భూలక్ష్మి. లేబులు మీద కొవ్వొత్తి రుద్దితే వానాకాలం చెమ్మకి ఊడదని చూపించింది. కుళాయికి వేజ్‌లైను ఎంత రాయాలో, ఫిల్టరు కాగితాలు బూజు పట్టకుండా బీరువాలో బల్బు ఎలా వెలిగించాలో, గాజు సామానుని కొబ్బరి పీచులో ఎలా సర్దాలో అన్నీ చెప్పింది. ఇప్పుడా పిల్ల ఉమ్మడి ఇండెంటు తయారు చేస్తుంది, తను దానికి చీటీ రాసి పంపాలి. అంటే కుర్చీ ఎవరిదో పైవాళ్ళు ముందే తేల్చేసుకున్నారన్నమాట. తనని గోదావరి దాటించి మెయిన్ కేంపస్‌లో పరీక్షల విభాగంలో పడేస్తారు. రెండు బస్సులు మారి వెళ్ళి, రోజంతా కవర్లకి జిగురు రాయాలి.

ఒళ్ళంతా కారం రాసుకున్నట్టయింది భూలక్ష్మికి. మళ్ళీ బ్యూరెట్టు అందుకుంది గాని, ఎంత కడిగినా ఆ గొట్టంలో చుక్క నిలుస్తూనే ఉంది.

మధ్యాహ్నం ఫోనొచ్చింది.

"అక్కగారూ, నేనండీ, కొత్తపేట నాగదుర్గనండీ. కాగితం చూసేరా అండీ?"

"చూసేను. పెద్ద పనే అప్పగించేరు నీకు."

"పెద్ద పనేముందండీ, టైపు కొట్టడవే కదండీ. ఒక్క మాట చెబుదావని చేసేనండీ. ఈసారి సగానికి కొట్టెయ్యరంటండీ. మూర్తి గారు ఫోన్లో రెండుసార్లు చెప్పేరు. ఎంత కావాలో సరిగ్గా అంతే రాయమన్నారండీ. రాసిందంతా కొంటారంట. బుధవారంలోగా పంపించండేం."

"ఆయ్," అని పెట్టేసింది భూలక్ష్మి.

ఈ సగానికి కొట్టెయ్యడం ఏమిటో చెప్పాలి. మెయిన్ కేంపస్‌లో కొనుగోళ్ళ సెక్షనని ఒకటుంది. ఎవరు ఏం రాసి పంపినా అక్కడ ఎర్రపెన్నుతో సగం చేసేస్తారు. పది రాస్తే అయిదు, ఎనభై రాస్తే నలభై. ఎందుకని అడిగినవాడు లేడు, చెప్పినవాడూ లేడు. కొత్తలో భూలక్ష్మి కావలసినంతే రాసింది. గాజు సామానుకి ఇండెంటు ఏడేళ్ళకోసారే పిలుస్తారు. ఆ ఏడేళ్ళూ ఒక్కో బ్యూరెట్టు దగ్గర ఇద్దరేసి పిల్లలు కాచుకుని నిలబడితే, మేష్టార్ల చేత మాటలు పడింది. ఆ తరవాత నుంచి పది కావాలంటే ఇరవై రాస్తుంది. ఇది అబద్ధమని ఆవిడ ఎన్నడూ అనుకోలేదు. అది రాసే పద్ధతి, అంతే.

నాగదుర్గకి అన్నీ నేర్పింది గాని ఈ ఒక్కటి నేర్పలేదు. ఏడేళ్ళు మాటలు పడి తెలుసుకున్న కిటుకు ఉత్తపుణ్యానికి ఎందుకు చెప్పాలి? తన చేతులు కాలినట్టే దాని చేతులూ కాలితే అదే తెలుసుకుంటుంది అనుకుంది. కొత్తపేట స్టోరు తన స్టోరంత నిండుగా ఉండకూడదన్న కోరిక కూడా అందులో లేకపోలేదు.

ఆ సాయంత్రం మొగుడు తాతాజీకి అన్నం వడ్డిస్తుంటే గరిటె కంచానికి తగిలి ఖంగుమంది. తాతాజీ కొబ్బరికాయల వ్యాపారి. పొద్దుటినుంచీ ఒలుపు దగ్గర నిలబడి వచ్చేడేమో, జుట్టునిండా పీచు. పులుసు కలుపుకుని ఓ ముద్ద నోట్లో పెట్టుకుని ఆగేడు.

"ఇందులో ఉప్పు నువ్వేసేవా, నాగదుర్గ వేసిందా?"

"నాకేం నవ్వు రావట్లేదండి."

"నేనొచ్చిన దగ్గర్నుంచీ ఆవిడ పేరు పదిసార్లు చెప్పేవు మరి. సగానికి కొట్టరని ఆవిడే ఫోను చేసి చెప్పింది కదా. ఎంత కావాలో అంతే రాసెయ్."

"మీకు తెలీదండీ ఆఫీసుల సంగతి. నేను ఉన్నదున్నట్టు రాస్తాను, అది సగం చేయించి, మిగిలింది కొత్తపేటకి మళ్ళించుకుంటుంది."

"అంత మనిషా ఆ అమ్మాయి?"

భూలక్ష్మి పులుసు గిన్నె మీద మూత పెట్టేసింది. అంత మనిషి కాదని ఆవిడకి తెలుసు. కాదని తెలియడమే ఇంకా మంటగా ఉంది.

మంగళవారం స్టోరు తలుపు దగ్గరకి వేసుకుని ఇండెంటు ఫారం ముందు పెట్టుకుంది. పాత బ్యూరెట్ల కుళాయిలన్నీ కారుతున్నాయి, మొత్తం మార్చాల్సిందే. ముందు పెన్సిలుతో ముప్పై అని వేసింది. అలాగే పిపెట్లు, ఫ్లాస్కులు, ఫిల్టరు కాగితాలు, మందులు అన్నీ వరసగా పెన్సిలుతో వేసుకుంటూ వచ్చింది. అయ్యేక కాగితం దూరంగా పట్టుకుని చూసుకుంది. ఆ అంకెలు మరీ బక్కగా కనిపించేయి. ఇరవై ఒక్క ఏళ్ళ స్టోరు ఇంతేనా అని ఎవరైనా అంటారేమో అనిపించింది. ఆ నాగదుర్గ వీటిని కంప్యూటర్లో కొడుతూ, అక్కగారి స్టోరు ఇంతేనన్నమాట అనుకుంటుంది.

పెన్సిలు అంకెలన్నీ రబ్బరుతో చెరిపేసి, పెన్నుతో అన్నీ రెట్టింపు చేసి రాసింది. ముప్పై ఉన్న చోట అరవై. సగానికి కొట్టరన్న సంగతి తెలియక పాత అలవాటుకొద్దీ రాసిందని ఎవరైనా అంటే నమ్మకండి. తెలిసే రాసింది. ఫారంలో పిల్లలెంతమందని అడిగే గడి ఎక్కడా లేదు, అదీ తెలుసు. సంతకం పెట్టి, ముద్ర వేసి, బుధవారం పొద్దున్నే వీరబాబు చేతికిచ్చి కొత్తపేట బస్సెక్కించింది.

పన్నెండింటికి ఫోను మోగింది.

"అక్కగారూ, ఇండెంటు అందిందండీ." నాగదుర్గ గొంతు కాస్త తడబడింది. "బ్యూరెట్లు అరవై అని ఉందండీ. మీ దగ్గర పిల్లలు ఇరవై నలుగురే కదండీ."

"అయితే?"

"అహఁ, మీరు పొరపాట్న పాత లెక్కలో రాసేరేమోననండీ. కావాలంటే నేను ఆగుతానండీ, రేపు పొద్దున్నదాకా టైముంది."

"మా అవసరం మాకు తెలుసమ్మా. నిన్ను ఎక్కించమన్నారు, దిద్దమన్లేదు."

అవతల ఫ్యాను తిరిగే చప్పుడు మాత్రం వచ్చింది.

"ఆయ్. అలాగేనండీ," అంది నాగదుర్గ చివరికి.

ఫోను పెట్టేసేక భూలక్ష్మికి కడుపు చల్లబడింది. ఆ చల్లదనం వీరబాబు తిరిగొచ్చేదాకే ఉంది. మూడింటికి గొడుగు దులుపుకుంటూ వచ్చి, అడగకుండానే మొదలెట్టేడు.

"నాగదుర్గ గారి స్టోరు చూసేనండీ. ఎంత పొందిగ్గా ఉందనుకున్నారు. ఉన్నవి నాలుగు సామాన్లే గాని దేని చోటు దానిదేనండీ. సీసాల మీద పేర్లకి కొవ్వొత్తి రుద్దుతుందండీ ఆవిడ, చెమ్మకి ఊడకుండా. ఏం తెలివండీ. బీరువాలో బల్బు కూడా పెట్టింది."

"అది నేను నేర్పిందే," అంది భూలక్ష్మి.

"అలాగాండీ?" అన్నాడు వీరబాబు, మర్యాదకి. నమ్మినట్టు లేడు. రోజూ ఈ గదిలోనే తిరుగుతూ, ఇక్కడి సీసాలకున్న కొవ్వొత్తి మాత్రం కళ్ళబడలేదు ఈ మనిషికి. భూలక్ష్మికి ఏడుపొచ్చినంత పనైంది. టీ తెస్తానంటే వద్దంది.

శుక్రవారం శ్రీరామచంద్రమూర్తి గారు వచ్చేరు. సన్నగా, నెమ్మదిగా ఉండే మనిషి. చెప్పులు గుమ్మం బయటే విడిచి స్టోరు లోపలికొచ్చి, అరలన్నీ ఓసారి తిరిగి చూసి, కుర్చీలో కూర్చుని ఫైలు తెరిచేరు. భూలక్ష్మి చేతులు కట్టుకుని నిలబడింది. మెయిన్ కేంపస్ మాట వస్తే మోకాళ్ళ నొప్పుల సంగతి చెప్పాలని రాత్రే అనుకుంది.

"కూర్చోండమ్మా. ఉమ్మడి ఇండెంటు చూసేను. మూడు సెంటర్లలోకీ మీదే పెద్దది. బ్యూరెట్లే తీసుకోండి, మీకు అరవై, కొత్తపేటకి నలభై. రాజోలు సంగతి చెప్పక్కర్లేదు. అన్ని ఐటమ్సూ అలాగే ఉన్నాయి. పనెక్కడ ఎక్కువుందో మనిషి అక్కడే ఉండాలి కదమ్మా. మూడింటికీ స్టోరు ఇక్కడే. మీరే ఉంటారు."

చెవులు గింగురుమన్నాయి భూలక్ష్మికి. "సంతోషమండీ," అంది. తరవాత ఏదో అడగాలి కాబట్టి అడిగింది: "నాగదుర్గని మెయిన్ కేంపస్‌కి పంపుతారాండీ?"

"మీలాగ పర్మనెంటు మనిషైతే పంపేవాళ్ళం. ఆవిడది కాంట్రాక్టు. ఈ నెలాఖరుతో ఆపేస్తున్నాం." ఆయన ఫైలు తాడు ముడి వేసేరు. "పాపం, ఇండెంటు మాత్రం ఒక్క తప్పు లేకుండా చేసి పెట్టింది."

ఆ కబురు విని భూలక్ష్మికి సంతోషం తగ్గిందంటే అది నిజం కాదు. ఆ సాయంత్రం వీరబాబు చేత అందరికీ టీలూ, కాజాలూ తెప్పించింది. మేష్టార్లు వచ్చి అభినందించేరు. ఇంటికెళ్ళేక పులుసులో ఉప్పు సరిగ్గా పడింది. మధ్యమధ్యలో నెలాఖరు అన్న మాట నోట్లో రాయిలా తగిలింది, అంతే. తనకా సంగతి ముందు తెలియదు కదా అనుకుని పక్కకి తిరిగి పడుకుంది.

శనివారం పదకొండింటికి సెంటరు ముందు ఆటో ఆగింది. వెనక సీటు నిండా అట్టపెట్టెలు. డ్రైవరు పక్కన ఇరుక్కుని కూర్చున్న నాగదుర్గ దిగి, కొంగు సర్దుకుని, ఒక పెట్టె తనే ఎత్తుకుంది.

"నమస్కారమండీ అక్కగారూ. సామాన్లు ఇవాళే అప్పగించెయ్యమన్నారండీ."

వీరబాబు తక్కిన పెట్టెలు మోసుకొచ్చి స్టోరులో పెట్టి, ఆటో వాడికి దారి చెప్పడానికి వెళ్ళేడు. ఇద్దరే మిగిలేరు. నాగదుర్గ నేలమీద కూర్చుని మొదటి పెట్టె విప్పింది. కొబ్బరి పీచు గుప్పుమంది. ఒక్కో బ్యూరెట్టునీ పీచులోంచి పసిపిల్లని ఎత్తినట్టు ఎత్తి, కుళాయి తిప్పి చూపించి, పరిచిన గోనెపట్టా మీద పక్కపక్కన పెడుతోంది. కుళాయిలు ఎక్కడా బిగుసుకోలేదు. వేజ్‌లైను ఎంత ఉండాలో అంతే ఉంది. భూలక్ష్మి కుర్చీలో కూర్చుని తప్పు కోసం చూసింది. దొరకలేదు.

పద్ధెనిమిదో బ్యూరెట్టు పెట్టేక నాగదుర్గ పెట్టె అడుగు దులిపింది.

"తక్కినవేవి?" అంది భూలక్ష్మి.

"ఇవేనండీ. ఇరవై ఉండేవి. ఏడేళ్ళలో రెండు పగిలేయండీ."

"మీ పిల్లలెంతమంది?"

"ముప్పై ఆరుగురండీ."

"ముప్పై ఆరుగురికి పద్ధెనిమిదా? ఎలా చేయించేవే ప్రాక్టికల్సు?"

"రెండు జట్లుగానండీ. పొద్దున్న సగం మంది, మధ్యాహ్నం సగం మంది. మధ్యాహ్నం జట్టుకి ఆఖరి బస్సు తప్పిపోయేది. కె.గంగవరం నుంచొచ్చే ఆడపిల్లలు ఇద్దరు చదువు మానేసేరు కూడానండీ." నాగదుర్గ రెండో పెట్టె దగ్గరకి లాక్కుంది. చేతులు ఆగలేదు, తల ఎత్తలేదు. "నేను వచ్చిన కొత్తలో నలభై రాసేనండీ, ఇరవై వచ్చేయి. మందులు కూడా ఏటా సగవే. మా సెంటరంటే వాళ్ళకి చులకన అనుకునేదాన్ని. ఒకసారి మెయిన్ కేంపస్‌కి వెళ్ళి బతిమాలేనండీ కూడా. మొన్న మీదీ రాజోలుదీ పాత ఇండెంట్లు పక్కపక్కన పెట్టుకుంటే అప్పుడర్థమైందండీ, అందరూ రెట్టింపు రాస్తారని."

భూలక్ష్మి చూపు పక్కకి తిప్పేసుకుంది.

"నాకూ చెప్పుంటే బావుండేదండీ," అంది నాగదుర్గ. గొంతులో కోపం లేదని కాదు. ఉంది, మర్యాదగా మడత పెట్టి ఉంది. "అన్నీ చెప్పేరు కదండీ. కొవ్వొత్తి దగ్గర్నుంచీ."

"ఈసారి అరవై చూసేవు కదా. పిల్లలు ఇరవై నలుగురేనని నీకు తెలుసు. మూర్తి గారికి చెప్పలేకపోయేవా?"

"నేను చెబితే నా ఉద్యోగం కోసం చెప్పినట్టుంటుంది కదండీ." పీచులోంచి ఒక ఫ్లాస్కు తీసి వెలుతురుకి ఎత్తి చూసి కింద పెట్టింది. "మిమ్మల్ని అడిగేను. మీరు అవసరవన్నారు. మీరు పెద్దవారు, ఇంక నేనేం అంటానండీ."

భూలక్ష్మి లేచి నిలబడింది. ఎందుకు లేచిందో ఆవిడకే తెలియలేదు. గోనెపట్టా మీద పద్ధెనిమిది గాజు గొట్టాలు, ఒక్కదాంట్లోనూ చుక్క మచ్చ లేకుండా మెరుస్తున్నాయి. తన చేతి పనే అది, తనకంటే శ్రద్ధగా చేసిన తన చేతి పని. కుర్చీ తనది, తాళాలు తనవి. అయినా ఈ గదిలో నేలమీద కూర్చున్న మనిషి మీద ఇంకా కుళ్ళుగానే ఉంది. ఉద్యోగం పోయినా ఇంత శుభ్రంగా ఎలా కూర్చోగలుగుతోంది? ఆ శుభ్రం తనకెందుకు లేదు?

"దుర్గా, ఆ కంప్యూటర్లో అంకె ఇప్పుడు మార్చగలవా?"

నాగదుర్గ మొదటిసారి తల ఎత్తింది. "నిన్న సాయంత్రమే నా పాస్‌వర్డు ఆపేసేరండీ. ఎందుకండీ ఇప్పుడు?"

భూలక్ష్మి ఫోను తీసి మూర్తి గారికి కలిపింది. జాలితో చేసిందనుకుంటే పొరపాటు. ఆ పిల్ల కంటే తక్కువైపోయేనన్న మంట, అంతే. ఆ మంటలో ఇంకో నిమిషం కూర్చోలేక చేసింది. మోగుతున్నంతసేపూ పెట్టేద్దామా అనిపించింది.

"చెప్పండమ్మా," అన్నారు మూర్తి గారు.

"అయ్యా, మా ఇండెంట్లో అంకెలు సరైనవి కావండీ. మాకు పిల్లలు ఇరవై నలుగురే. కొత్తపేటకి ముప్పై ఆరుగురు. నేను అన్నీ రెట్టింపు చేసి రాసేనండీ."

"టైపింగులో పొరపాటా?"

ఆయన దారి చూపిస్తున్నారు. అవునంటే చాలు, తప్పు నాగదుర్గ చేతిలో పడుతుంది. భూలక్ష్మి నేలమీది మనిషి వంక చూసింది. నాగదుర్గ చేతులు పీచులోనే ఆగిపోయి ఉన్నాయి.

"కాదండీ. నా చేతిరాతేనండీ. తెలిసే రాసేను."

"మరి ఆ ఇండెంటు చూసే కదమ్మా మనిషిని తేల్చింది," అన్నారాయన నెమ్మదిగా. "ఇది మీ మీదకొస్తుంది. తెలుసా మీకు?"

"ఆయ్. తెలుసండీ."

"సరే. సరైన ఇండెంటు మీ చేత్తో రాసి, సంతకం పెట్టి, ఫొటో తీసి ఇప్పుడే పంపండి. సోమవారం ఫైలు మళ్ళీ పెడతాను."

ఫోను బల్లమీద పెట్టి భూలక్ష్మి కొత్త ఫారం తీసింది. గోదావరి అవతలి బస్సులూ, జిగురు డబ్బాలూ కళ్ళముందు తిరిగేయి. మొదటి వరసలో బ్యూరెట్లు అని రాసి, పక్కన ముప్పై వేసింది. ఉన్నదున్నట్టు రాసి ఎన్నేళ్ళయిందో గుర్తు లేదు. గుండె తేలికైనట్టే అనిపించింది.

నాగదుర్గ చేతులకంటిన పీచు దులుపుకుంటూ వచ్చి భుజం పక్కన నిలబడింది. ఫారం వంక చూసి, చెప్పాలా వద్దా అని క్షణం తటపటాయించింది.

"అక్కగారూ, ఇరవై నలుగురు పిల్లలండీ. పగిలేవాటికి నాలుగేసుకున్నా ఇరవై ఎనిమిదే కదండీ."

భూలక్ష్మి చెవులు వేడెక్కేయి. ఒక్క క్షణం ఆ ఫారం ఉండచుట్టి దాని మొహాన కొట్టాలనిపించింది. తరవాత పెన్ను గట్టిగా పట్టుకుని, ముప్పై కొట్టేసి, ఇరవై ఎనిమిది రాసింది.

"పిపెట్లు ఎన్ని వెయ్యమంటావు?" అంది తల ఎత్తకుండా.